దుక్లా గెలిచిన 11 టైటిల్స్ ఎవరి ఖాతాలో వేయాలి? ప్రిబ్రామ్‌కా, ప్రాగ్‌కా?

కార్నర్ ఫ్లాగ్:

అందరికీ నమస్తే. ఇక్కడ చెక్ లీగ్ ఫాలో అయ్యేవాళ్లు కొందరున్నారు కాబట్టి నేరుగా అడిగేస్తున్నా. తెలుగు వికీపీడియా కోసం చెక్ క్లబ్బుల మీద చిన్న చిన్న వ్యాసాలు రాస్తున్నాను. స్పార్టా, స్లావియా, ప్ల్జెన్ వరకు పెద్దగా ఇబ్బంది రాలేదు. ప్రిబ్రామ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పని ముందుకు కదలడం లేదు.

ప్రాగ్‌కి నైరుతి దిక్కున సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు, జనాభా ముప్పై వేల పైచిలుకు, క్లబ్ పేరు 1. ఎఫ్‌కే ప్రిబ్రామ్. ఒకచోట చూస్తే ఇది 1928లో పుట్టింది, పెద్ద ట్రోఫీ ఒక్కటీ లేదు. ఇంకోచోట చూస్తే ఇదే క్లబ్ 1948లో పుట్టింది, 11 సార్లు చెకోస్లొవేకియా ఛాంపియన్, బాలన్ డోర్ (యూరప్‌లో ఏడాదికి ఉత్తమ ఫుట్‌బాల్ ఆటగాడికి ఇచ్చే అవార్డు) గెలిచిన ఆటగాడు కూడా వీళ్లవాడే. పోనీ రెండోదే నిజమనుకుందామంటే దుక్లా ప్రాగ్ అనే క్లబ్ ప్రాగ్‌లో నిక్షేపంగా ఆడుతోంది, ఆ చరిత్రంతా తమదే అంటోంది.

ఒకే చరిత్ర రెండు ఊళ్లలో ఎలా ఉంటుంది? మధ్యలో అసలు ఏం జరిగింది? టైటిల్స్ గడిలో ఏదో ఒక అంకె వేసి వదిలేయడం ఇష్టం లేదు, సంగతి పూర్తిగా తెలుసుకుని రాయాలని ఉంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పాత స్కోర్‌కార్డ్:

తమ్ముడూ, మంచి ప్రశ్న. మొదటి నుంచి చెప్తేనే అర్థమవుతుంది, కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదువు.

1948లో చెకోస్లొవేకియాలో కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకున్నారు. అదే ఏడాది సైన్యం తరఫున ప్రాగ్‌లో ఏటీకే అని ఒక క్లబ్ పెట్టారు. కొన్నాళ్లకి దాన్ని యూడీఏ అన్నారు, 1956 నుంచి దుక్లా అన్నారు. 1944లో స్లొవేకియా, పోలండ్ సరిహద్దులో దుక్లా కనుమ దగ్గర పెద్ద యుద్ధం జరిగింది, ఆ గుర్తుగా పెట్టిన పేరది. ఈ పేరు ఒక్క ఫుట్‌బాల్ క్లబ్‌ది కాదు, సైన్యానికి చెందిన చాలా జట్లకి ఇదే పేరు. యిహ్లావా హాకీ జట్టు కూడా దుక్లానే. నీ ప్రశ్నకి ఇది చాలా ముఖ్యం, ఎందుకో తర్వాత చెప్తా.

సైన్యం క్లబ్‌కి ఆటగాళ్లు ఎలా వచ్చేవాళ్లంటే, అప్పట్లో ప్రతి కుర్రాడూ నిర్బంధ సైనిక సేవకి వెళ్లాలి. బాగా ఆడేవాణ్ణి ఎక్కడో సరిహద్దులో కాపలాకి పంపే బదులు దుక్లాకి వేసేవాళ్లు. వాడు ఏ ఊరి క్లబ్‌లో పెరిగినా సరే, ఆ క్లబ్ చేయగలిగిందేమీ లేదు. సర్వీసు అయిపోయాక కొందరు వెనక్కి వెళ్లేవాళ్లు, కొందరు అక్కడే ఉండిపోయేవాళ్లు. యోసెఫ్ మాసోపుస్ట్ అలా ఉండిపోయినవాడే. టెప్లిత్సెలో ఆడుతున్నవాడు 1952లో సైన్యం జట్టులోకి వచ్చి 1968 దాకా అక్కడే ఆడాడు.

ఆ జట్టు ఎంత గట్టిదో చెప్పాలంటే, 1953 నుంచి 1982 మధ్య 11 లీగ్ టైటిల్స్, అందులో 1961 నుంచి 1964 దాకా వరసగా నాలుగు. 1962 ప్రపంచకప్ ఫైనల్లో బ్రెజిల్ మీద ఆడిన చెకోస్లొవేకియా జట్టులో నోవాక్, ప్లుస్కల్, మాసోపుస్ట్ అందరూ దుక్లావాళ్లే. మొదటి గోల్ కొట్టింది మాసోపుస్టే, ఆ తర్వాత బ్రెజిల్ 3-1తో గెలిచిందనుకో. ఆ ఏడాది బాలన్ డోర్ ఆయనకే వచ్చింది. ఇప్పట్లా రెడ్ కార్పెట్టు, సూట్లు అలాంటివేం లేవు. 1963లో బెన్ఫికాతో యూరోపియన్ కప్ మ్యాచ్‌కి ముందు మైదానంలోనే చేతికిచ్చారు, యుసేబియో వచ్చి చెయ్యి కలిపాడు, ఆట అయ్యాక దాన్ని స్పోర్ట్స్ బ్యాగులో పెట్టుకుని ట్రామ్ ఎక్కి ఇంటికెళ్లానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. నాకు ఎంత చదివినా తనివి తీరని ముచ్చట ఇది. యూరప్‌లోకెల్లా గొప్ప ఆటగాడు, ట్రామ్‌లో ఒళ్లో బ్యాగు పెట్టుకుని వెళ్తున్నాడు!

1967లో యూరోపియన్ కప్ సెమీస్‌కి వెళ్లారు. సెల్టిక్ చేతిలో గ్లాస్గోలో 3-1తో ఓడి, ప్రాగ్‌లో 0-0 డ్రా చేశారు. ఆ ఏడాది కప్పు సెల్టిక్‌దే. 1986లో కప్ విన్నర్స్ కప్ సెమీస్‌కి కూడా వెళ్లారు, అక్కడ డైనమో కీవ్ అడ్డుపడింది. ఇంత గెలిచినా జనం మాత్రం స్పార్టా, స్లావియాల వెంటే ఉన్నారు. సైన్యం, ప్రభుత్వం వెనక ఉన్న జట్టుని మనస్ఫూర్తిగా ప్రేమించినవాళ్లు తక్కువ.

అందుకే 1989 నవంబర్‌లో ప్రభుత్వం మారగానే దుక్లా కాళ్ల కింద నేల కదిలిపోయింది. 1990లో దేశవాళీ కప్పు గెలిచారు, అదే ఆఖరిది. సైన్యం డబ్బు ఆగిపోయింది, టికెట్ల మీద బతకడానికి అభిమానులు లేరు. దేశం రెండుగా విడిపోయాక 1993-94లో మొదటి చెక్ లీగ్ ఆడితే 30 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపుతో అట్టడుగున నిలిచారు. రెండో డివిజన్‌లో నిలబడే స్తోమత కూడా లేక నేరుగా మూడో డివిజన్‌కి పడిపోయారు. 1996లో క్లబ్ యజమాని దాన్ని ప్రిబ్రామ్ క్లబ్‌తో కలిపేశాడు. ప్రిబ్రామ్ అప్పుడు రెండో డివిజన్‌లో ఉంది. కలిసిన జట్టుకి ఎఫ్‌సీ దుక్లా అని పేరు పెట్టారు, 1997లో టాప్ లీగ్‌కి ఎక్కారు, మకాం ప్రిబ్రామ్‌కి మార్చారు. తర్వాత దుక్లా ప్రిబ్రామ్, 2000లో కాఫీ బ్రాండ్ పేరుతో మరిలా ప్రిబ్రామ్, 2008 నుంచి 1. ఎఫ్‌కే ప్రిబ్రామ్.

కాబట్టి కాగితాల వరస పట్టుకుని వెళ్తే పాత దుక్లా వెళ్లి చేరింది ప్రిబ్రామ్‌లోనే. నా లెక్కలో 11 టైటిల్స్ ఎక్కడైనా చూపించాల్సి వస్తే ప్రిబ్రామ్ దగ్గరే చూపించాలి.

గనిదీపం:

అన్నా, మీరు రాసిన చరిత్రలో వేలు పెట్టడానికేం లేదు. కానీ ప్రిబ్రామ్‌ని దుక్లా కథకి చివరి పేజీలాగా చూడటం నాకు నచ్చదు. ఆ ఊరి క్లబ్‌కి సొంత కథ ఉంది, అది ఎవరూ చెప్పరు.

ప్రిబ్రామ్ అంటే గనుల ఊరు. వెండి, సీసం తవ్వకం అక్కడ తరతరాల పని. ఊరికి ఆనుకుని ఉన్న బ్రెజోవె హోరిలో వోయ్‌తేఖ్ గని 1875లోనే నిలువుగా 1000 మీటర్ల లోతుకి చేరింది, ప్రపంచంలో అంత లోతుకి అప్పటికి ఎవరూ తవ్వలేదు. 1892 మే 31న అక్కడే మరియె గనిలో మంటలు అంటుకుని 319 మంది కార్మికులు చనిపోయారు. ఆ బ్రెజోవె హోరిలోనే 1928లో ఎస్‌కే బ్రెజోవె హోరి అని ఒక ఫుట్‌బాల్ క్లబ్ పుట్టింది. ఇప్పటి ప్రిబ్రామ్ క్లబ్‌కి ఊళ్లో ఉన్న వేరు అదే. తర్వాత దానికి బానిక్ ప్రిబ్రామ్ అని పేరు వచ్చింది, గని కార్మికుల జట్లకి ఆ దేశంలో పెట్టే పేరు, ఒస్ట్రావా బానిక్‌లాగే.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత యురేనియం తవ్వకం మొదలైంది. సోవియట్ యూనియన్‌కి కావాల్సిన యురేనియం అక్కడి నుంచి వెళ్లేది. ఊరి పక్కన వోయ్నా అనే క్యాంపులో రాజకీయ ఖైదీలని పెట్టి ఆ గనుల్లో పని చేయించారు. ఇప్పుడది స్మారక మ్యూజియం, వ్యాసం రాసేటప్పుడు ఊరి గురించి ఒక పేరా రాస్తే దీన్ని వదిలేయకండి. 1991 కల్లా యురేనియం తవ్వకం ఆగిపోయింది. ఆ సంవత్సరం గుర్తుపెట్టుకోండి. అక్కడికి ఆరేళ్లలో ఊరికి టాప్ లీగ్ ఫుట్‌బాల్ వచ్చింది. పని పోయి, గనులు మూతపడిన ఊళ్లోకి స్పార్టా, స్లావియా వచ్చి ఆడటం ఎలాంటి విషయమో ఊహించండి. లితావ్కా నది పక్కన చిన్న స్టేడియం, ఎటు కూర్చున్నా గోల్ కీపర్ అరుపులు వినపడేంత దగ్గరగా ఉంటుంది.

ఇంకొకటి. 1996 విలీనం గురించి అందరూ దుక్లా ప్రిబ్రామ్‌కి వచ్చింది, దుక్లా ప్రిబ్రామ్‌ని పైకి తెచ్చింది అంటారు. సరిగ్గా చూడండి. అప్పుడు దుక్లా మూడో డివిజన్‌లో ఉంది, రెండో డివిజన్‌లో స్థానం ప్రిబ్రామ్‌ది. అంటే 1997లో పైకి ఎక్కడానికి మెట్టు వేసింది ప్రిబ్రామ్ సంపాదించుకున్న స్థానమే. దుక్లా ఇచ్చింది పేరు. ఆ పేరు కూడా కొన్నేళ్లకే పోయింది.

1997 నుంచి 2007 దాకా పదేళ్లు టాప్ లీగ్‌లో ఉన్నారు. 2007లో కిందికి పోయి ఏడాదిలో తిరిగొచ్చారు. 2017లో మళ్లీ పోయారు, మళ్లీ ఏడాదిలోనే తిరిగొచ్చారు. 2021లో పోయిన తర్వాతే అంత తేలిగ్గా రాలేకపోయారు. మొత్తం లెక్కేస్తే టాప్ లీగ్‌లో 22 సీజన్లు! మధ్యలో 2001-02లో యూఈఎఫ్ఏ కప్ కూడా ఆడారు. 30 వేల జనాభా ఉన్న ఊరికి ఇది మామూలు విషయం కాదు. ఇది వాళ్లు మైదానంలో ఆడి సంపాదించుకున్నది. మాసోపుస్ట్ ప్రిబ్రామ్ చొక్కా వేసుకుని ఒక్క మ్యాచ్ ఆడలేదు, ఆయన పేరు వాళ్ల తలుపు మీద వేలాడదీస్తే ఆయనకీ గౌరవం కాదు, వాళ్లకీ గౌరవం కాదు.

నా మాట వింటే ప్రిబ్రామ్ వ్యాసంలో టైటిల్స్ సున్నా అని రాయండి, ధైర్యంగా రాయండి. 22 సీజన్ల గురించి మాత్రం వివరంగా రాయండి.

వెస్ట్ స్టాండ్:

ప్రాగ్ వైపు నుంచి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేను రాస్తున్నా.

దుక్లా అంటే యులిస్కా స్టేడియం. ప్రాగ్‌లో దేయ్‌విత్సె అనే పేటలో కొండవాలు మీద ఉంటుంది, ఒక పక్కన ఎత్తైన పెద్ద స్టాండ్, మైదానం చుట్టూ రన్నింగ్ ట్రాక్. మాసోపుస్ట్ ఆడింది అక్కడ, ఆయన విగ్రహం ఉన్నదీ అక్కడే. తర్వాత రోజుల్లో ఇవో విక్టర్, నెహోడా ఆడిందీ అక్కడే, వాళ్లిద్దరూ 1976లో యూరోపియన్ ఛాంపియన్ అయిన చెకోస్లొవేకియా జట్టులో ఉన్నారు. పావెల్ నెద్వెద్ కూడా సైనిక సేవ టైమ్‌లో కొన్నాళ్లు దుక్లాకి ఆడి, 1992లో స్పార్టాకి వెళ్లాడు. 2003లో ఆయనకి బాలన్ డోర్ వచ్చింది. అంటే ఆ అవార్డు గెలిచిన చెక్ ఆటగాళ్లు ఇద్దరే ఇద్దరు, ఇద్దరూ దుక్లా చొక్కా వేసుకున్నవాళ్లే. ఇవన్నీ ప్రిబ్రామ్ క్లబ్ చరిత్ర అని చెప్తే ఆ ఊరివాళ్లే నమ్మరు.

విలీనం తర్వాత ప్రాగ్‌లో దుక్లా పేరు పూర్తిగా చచ్చిపోలేదు. కింది లీగుల్లో ఆ పేరుతో ఒక క్లబ్ నడిచింది. 2007లో వాళ్లు రెండో డివిజన్‌లోకి వచ్చారు. ఎలా అంటే యాకుబ్చోవిత్సె అని దేశానికి ఆ చివర, మొరావియా వైపు, వెయ్యి మంది కూడా లేని పల్లెటూరి క్లబ్ రెండో డివిజన్‌లో ఆడుతుండేది. దాని స్థానం ప్రాగ్ దుక్లాకి వచ్చింది. దీన్ని చాలామంది తప్పుపడతారు, పైకి ఎక్కకుండానే పైకి వచ్చారని. ఆ మాటలో న్యాయం ఉంది, ఆ పల్లె పరిస్థితి ఆలోచిస్తే నాకూ బాధేస్తుంది. కానీ 2011లో టాప్ లీగ్‌కి వెళ్లింది మాత్రం రెండో డివిజన్ గెలిచి. 2019లో దిగిపోయారు, 2024లో మళ్లీ వచ్చారు.

పాత స్కోర్‌కార్డ్ అన్న చెప్పిన కాగితాల వరస నాకు పెద్దగా ఎక్కదు. యజమాని ఒక సంతకంతో క్లబ్‌ని ఇంకో ఊరికి మార్చగలడు, అంతమాత్రాన 1967 సెమీఫైనల్ చూసిన మనుషుల్ని మార్చలేడు కదా. వాళ్లు యులిస్కాకే వస్తారు.

కార్నర్ ఫ్లాగ్:

ముగ్గురికీ చాలా చాలా థ్యాంక్స్. ఇంత వస్తుందని అనుకోలేదు. ఒక్క సందేహం. 2011 నుంచి 2017 దాకా ప్రిబ్రామ్, దుక్లా ఇద్దరూ టాప్ లీగ్‌లోనే ఉన్నారన్నమాట. అంటే ఒకదానికొకటి ఎదురెదురుగా ఆడాయి కదా? ఇలాంటి గొడవ చెక్ ఫుట్‌బాల్‌లో ఇంకెక్కడైనా ఉందా, లేక వీళ్లదొక్కటేనా?

పాత స్కోర్‌కార్డ్:

ఆడాయి, ఏటా రెండుసార్లు. ఇలాంటిదే బోహీమియన్స్‌ది ఉంది, దుక్లా కంటే ఇంకా చిక్కుగా. వాళ్లూ ప్రాగ్ క్లబ్బే, 1983 ఛాంపియన్లు, 1927లో ఆస్ట్రేలియా పర్యటనకి వెళ్లొచ్చాక కంగారూ బొమ్మని గుర్తుగా పెట్టుకున్నవాళ్లు. 2005లో అప్పుల్లో కూరుకుపోతే అభిమానులు చేతి డబ్బులు వేసుకుని క్లబ్‌ని నిలబెట్టారు. కింది నుంచి మొదలుపెట్టి 2007 కల్లా టాప్ లీగ్‌కి తీసుకొచ్చారు. అదే సమయంలో స్ట్రిజ్‌కోవ్ అనే ఇంకో పేట క్లబ్ బోహీమియన్స్ పేరు వాడుకోవడం మొదలుపెట్టింది. 2009-10లో అయితే ఒకే పేరుతో రెండు జట్లు ఒకే లీగ్‌లో ఆడాయి.

కానీ తేడా చూడు. బోహీమియన్స్ విషయంలో అసలు క్లబ్ ఏదని అడిగితే జనం తడుముకోరు, అభిమానులు ఎటుంటే అదే. దుక్లాకి ఆ బలం మొదటి నుంచీ లేదు. అది సైన్యం పెట్టిన క్లబ్, సైన్యం వెళ్లిపోయింది. మొదట్లో దుక్లా పేరు చాలా జట్లది అన్నాను చూడు, అందుకే. ఆ క్లబ్‌ని గెలిపించిన ఏర్పాటు, అంటే నిర్బంధ సేవలో కుర్రాళ్లని తెచ్చుకోవడం, ప్రభుత్వ డబ్బు, అది ఇప్పుడు ప్రాగ్‌లోనూ లేదు, ప్రిబ్రామ్‌లోనూ లేదు. మిగిలినవి పేరు, స్టేడియం, కాగితాలు. పేరు, స్టేడియం ప్రాగ్‌లో ఉన్నాయి, కాగితాలు ప్రిబ్రామ్‌కి వెళ్లాయి. గనిదీపం చెప్పిన రెండో డివిజన్ స్థానం సంగతి మాత్రం నేను అంత బరువుగా చూడలేదు, అది బలమైన పాయింటే.

గనిదీపం:

ఇదే నేను చెప్పాలనుకున్నది అన్నా. అయితే వ్యాసం ఇలా రాస్తే ఎలా ఉంటుంది, చూడండి. 1948 నుంచి 1996 దాకా ఉన్న పాత దుక్లాకి విడిగా ఒక వ్యాసం, 11 లీగ్ టైటిల్స్, 8 కప్పులు, మాసోపుస్ట్, సెల్టిక్ మ్యాచ్ అన్నీ అందులో. ప్రిబ్రామ్ వ్యాసం 1928 బ్రెజోవె హోరి నుంచి మొదలవ్వాలి, 1996 దగ్గర రెండు వాక్యాలు: రెండో డివిజన్ స్థానం ప్రిబ్రామ్‌ది, పేరు దుక్లాది, పాత క్లబ్ కథకి అక్కడి నుంచి లింకు. ఇప్పటి ప్రాగ్ దుక్లా వ్యాసంలో యాకుబ్చోవిత్సె సంగతి తప్పకుండా ఉండాలి, దాన్ని దాటేసి నేరుగా 1948కి వెళ్లిపోతే చదివేవాళ్లకి అన్యాయం.

వెస్ట్ స్టాండ్:

విడి వ్యాసానికి నాకు అభ్యంతరం లేదు. ఒక్కటే కోరిక, పాత దుక్లా వ్యాసంలో "రద్దయింది" అని రాయొద్దు, "ప్రిబ్రామ్ క్లబ్‌తో విలీనమైంది" అని రాయండి. జరిగింది అదే.

కార్నర్ ఫ్లాగ్:

అలాగే చేస్తా. మూడు వ్యాసాలుగా విడగొడతాను, విలీనమైంది అనే రాస్తాను. ప్రిబ్రామ్‌ది ముందు మొదలుపెడతా, గనుల పేరాతో కలిపి. డ్రాఫ్ట్ రెడీ అయ్యాక ఇక్కడే లింకు పెడతాను, 22 సీజన్ల పట్టిక ఒకసారి ఎవరైనా సరిచూడండి.

పాత స్కోర్‌కార్డ్:

పెట్టు, నేను చూస్తా. 2006-07 దిగిపోయిన సీజన్‌ని లెక్కలో కలపడం మర్చిపోకు, చాలామంది అక్కడే ఒకటి తక్కువ రాస్తారు.